నల్లగొండలో బెర్లిన్ ఫిల్హార్మోనిక్ వినే సభ: గది సర్దడం నుంచి చివరి స్వరం దాకా

జర్మన్ స్వరకర్త బీథోవెన్ 5వ సింఫనీలో (ఆర్కెస్ట్రా కోసం నాలుగు భాగాలుగా రాసిన కృతి) మూడో భాగం ముగిసే దగ్గర తీగ వాయిద్యాలన్నీ ఒకచోట సన్నగా నిలబడిపోతాయి. వాటి కింద టింపనీ అనే పెద్ద రాగి డోలు మీద ఒకాయన మెత్తటి పుల్లలతో టక్, టక్‌మని కొడుతుంటాడు. అర్ధరాత్రి పక్కింటి తలుపు ఎవరో తట్టినంత మెల్లగా ఉంటుందా శబ్దం. అర నిమిషం పైచిలుకు ఇలాగే సాగి, ఉన్నట్టుండి ఉబికి, మొత్తం ఆర్కెస్ట్రా ఒక్క పెట్టున విచ్చుకుంటుంది. నల్లగొండలోనో పాలమూరులోనో వనపర్తిలోనో ఒక బడి హాలులో నలభై యాభై మందిని కూర్చోబెట్టి సింఫనీ వినిపించాలనుకుంటే, ఆ అర నిమిషం అందరి చెవికీ చేరేలా చూడడమే అసలు పని. అది వినపడిన గదిలో మిగతాదంతా దానంతటదే వినపడుతుంది.

ఈ పద్ధతి గ్రంథాలయ సిబ్బందికి, టీచర్లకు, యువజన సంఘాలకు పనికొచ్చేలా రాసింది. వినిపించేది జర్మనీలోని బెర్లిన్ ఫిల్హార్మోనిక్, అంటే వయొలిన్లు, గాలి వాయిద్యాలు, డోళ్లు కలిసి వాయించే పెద్ద ఆర్కెస్ట్రా. 1913 నుంచి ఈనాటి దాకా దాని చరిత్రను రికార్డుల్లోనే చెవితో పట్టుకోవచ్చు. పైగా అది వాయించేవాళ్లే నడుపుకొనే మేళం. ఆ సంగతి మన బ్యాండు మేళం వాళ్లకు చెబితే వెంటనే ఆసక్తి పుడుతుంది.

పోస్టరు మీద ఏం రాయాలి

మన దగ్గర "ఆర్కెస్ట్రా" అంటే పెళ్లిలో, వినాయక చవితి మండపం దగ్గర సినిమా పాటలు పాడే బృందం. ఆ ఒక్క మాట పెట్టి పోస్టరు వేస్తే పాటల కోసం వచ్చినవాళ్లు పావుగంటలో లేచిపోతారు, ఆ లేచిపోయే సందడి మిగతావాళ్లను కూడా చెదరగొడుతుంది. పోస్టరు మీద ఈ వాక్యం ఉండాలి: "పాటలు ఉండవు, వాయిద్యాలు మాత్రమే. రికార్డులో వింటాం. రెండు గంటలు." చివరి మాట ముఖ్యం. ఎంతసేపో ముందే తెలిస్తే మనిషి కుదురుగా కూర్చుంటాడు.

టికెట్టు పెట్టవద్దు. ఇంటర్నెట్టులో చందా కట్టి చూసే కచేరీలు సాధారణంగా ఇంట్లో చూసుకోవడానికే ఇస్తారు. వాటిని సభలో చూపించాలంటే ముందే ఉత్తరం రాసి అనుమతి తీసుకోవాలి. బెర్లిన్ ఫిల్హార్మోనిక్ వాళ్ల డిజిటల్ కాన్సర్ట్ హాల్ విషయంలోనూ అదే జాగ్రత్త. అక్కడి కచేరీని అప్పటికప్పుడు చూపిద్దామనే ఆలోచన మానుకోండి. బెర్లిన్‌లో రాత్రి 8 గంటలంటే చలికాలంలో మనకు అర్ధరాత్రి 12.30, వేసవిలో 11.30. నిల్వ ఉంచిన కచేరీలే మేలు.

గది, కాలం, వేళ

నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యనే పెట్టండి. సింఫనీకి మన ప్రాంతంలో మొదటి శత్రువు సీలింగు ఫ్యాను. ఫోనులో శబ్దం కొలిచే యాప్ వేసి చూడండి. ఫ్యాన్లు ఆపిన బడి గదిలో రాత్రి పూట సుమారు 35 నుంచి 40 డెసిబెల్స్ చూపిస్తుంది. నాలుగు పాత ఫ్యాన్లు తిరిగితే 50 దాటుతుంది. పైన చెప్పిన టింపనీ తట్టు ఆ ఫ్యాన్ల కిందే పోతుంది. ఏప్రిల్‌లో ఫ్యాన్లు ఆపి యాభై మందిని కూర్చోబెట్టడం అన్యాయం, అందుకే చలికాలం. అప్పుడు కూడా మాట్లాడేటప్పుడు ఫ్యాన్లు తిరగనిచ్చి, సంగీతం మొదలయ్యే ముందు ఆపేయాలి. స్విచ్‌బోర్డు దగ్గర ఆ పని మీదే ఒకరిని నిలబెట్టండి.

వేళ ఎంచుకునే ముందు ఒక సాయంత్రం ఆ గదిలో ఊరికే కూర్చుని వినండి. గుడి మైకు ఎప్పుడు, అజా ఎప్పుడు, బస్సుల హారన్లు ఏ కిటికీ నుంచి వస్తున్నాయి, పక్క వీధిలో ట్యూషను ఎప్పుడు వదులుతారు, అన్నీ కాగితం మీద రాసుకోండి. ఆ ఖాళీల్లో మీ సంగీతం పడాలి. ఖాళీ సరిపోకపోతే మాట్లాడే భాగాన్ని అజా వేళకు జరిపి, అది వినపడగానే మాట ఆపి, అయ్యాక మొదలుపెట్టండి.

ఫంక్షను హాలు ఊరికే ఇస్తామన్నా వద్దనండి. గ్రానైటు నేల, గచ్చు గోడలు, ఎత్తు కప్పు ఉన్న చోట శబ్దం తిరిగి తిరిగి వస్తుంది. రికార్డులో ఆ కచేరీ హాలు ప్రతిధ్వని ఎలాగూ ఉంటుంది. దాని మీద మీ హాలు ప్రతిధ్వని కలిస్తే ముద్దయిపోతుంది. పరీక్ష తేలిక: గది మధ్య నిలబడి ఒక్క చప్పట్టు కొట్టండి. "ఒకటి" అని నెమ్మదిగా అనేలోపు శబ్దం చచ్చిపోతే గది పనికొస్తుంది. అంతకన్నా సాగితే నేలంతా జంఖానాలు పరిచి, వెనక గోడకు దుప్పట్లో పాత తెరలో వేలాడదీయండి. షాబాదు బండలు పరిచిన పాత బడి గదులు జంఖానా వేస్తే చాలా బాగా కుదురుతాయి. రేకుల కప్పయితే వాన కాలంలో అసలు వద్దు.

జనాన్ని నేల మీదే కూర్చోబెట్టండి, పెద్దవాళ్లకు వెనక కుర్చీలు. ప్లాస్టిక్ కుర్చీ బండ మీద జరిగితే చేసే కీచుమనే శబ్దానికి మందు లేదు.

సౌండు

డీజే బాక్సులు వద్దు. అవి గుండెలదిరే దరువు కోసం చేసినవి, వయొలిన్‌ను గీతలా గీస్తాయి. 8 అంగుళాల ఊఫరు ఉన్న మామూలు పవర్డ్ స్పీకర్లు రెండు 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గదికి చాలు. రెంటికీ మధ్య 8 నుంచి 10 అడుగుల దూరం, వెనక గోడకు కనీసం 2 అడుగులు ఎడం ఉంచండి. మూలల్లో దూర్చితే మంద్ర స్వరాల పెద్ద తీగ వాయిద్యాలైన డబుల్ బేస్‌లు బుస్సుమని మోగి మిగతా వాయిద్యాలను మింగేస్తాయి. పైనుండే చిన్న స్పీకరు నేల మీద కూర్చున్నవాళ్ల చెవికి కాస్త పైన, అంటే మూడున్నర అడుగుల ఎత్తున ఉండాలి. బెంచీ మీద పెడితే బెంచీయే మోగుతుంది, కింద మడిచిన గోనెసంచి వేయండి.

అద్దెకు తెచ్చిన మిక్సరుంటే ముందు ఎకో సున్నా చేయండి. తర్వాత ఈక్వలైజరు మీటలన్నీ మధ్యకు తేవాలి. ఆపైన చూడాల్సింది, చాలామంది వదిలేసేది, కుడి ఎడమలు. సౌండు సిస్టం వాళ్లు అలవాటుగా రెండు చానళ్లూ ఒకటిగా కలిపేస్తారు. ఆర్కెస్ట్రాలో మొదటి వయొలిన్లు మనకు ఎడమ పక్క కూర్చుంటాయి. కలిపేస్తే అవి నడిమికొచ్చి అందరి ఒళ్లో కూర్చున్నట్టుంటుంది. ఏదైనా రికార్డు పెట్టి ఒక స్పీకరు తీగ పీకి చూడండి. శబ్దం తగ్గడమే కాక వాయిద్యాల పాలు కూడా మారితే స్టీరియో సరిగా ఉన్నట్టు.

బ్లూటూత్ వాడకండి, తీగ వాడండి. ల్యాప్‌టాప్ చార్జరుకు తగిలించి ఉంటే స్పీకర్లలో జుమ్మని సన్నటి మోత వస్తుంది. అది కరెంటు ఎర్తు దారి రెండు చోట్ల కలవడం వల్ల. చార్జరు పీకేసి బ్యాటరీ మీద నడిపితే పోతుంది. ఫోను నుంచి వేస్తుంటే ఏరోప్లేన్ మోడు పెట్టండి. యూట్యూబ్‌లో "స్టేబుల్ వాల్యూమ్" అనే మీట చాలా ఫోన్లలో దానంతటదే ఆన్ అయి ఉంటుంది. ఆపేయండి. అది మెల్లని చోట పెంచి గట్టి చోట తగ్గించి మొత్తాన్ని ఒకే మట్టానికి తెస్తుంది. మాటలకు మంచిదే, సింఫనీకి ప్రాణం తీసినంత పని. పాటల యాప్‌లలో ఉండే వాల్యూమ్ నార్మలైజేషన్ కూడా అంతే, ఆపేయాల్సిందే.

వాల్యూమ్ పెట్టే విధానంలోనే చాలా సభలు చెడతాయి. మెల్లని చోట వినపడలేదని పెంచుతారు, నిమిషం తర్వాత గట్టి చోట స్పీకర్లు పగులుతాయి, మళ్లీ పరుగెత్తి తగ్గిస్తారు. సభకు ముందే 5వ సింఫనీ నాలుగో భాగం మొదటి నిమిషం వేయండి. అదే అన్నిటికంటే గట్టిది. గది మధ్య ఫోను యాప్ 85 డెసిబెల్స్ దగ్గర ఆడేలా పెట్టి, మిక్సరు మీద పెన్సిలు గీత గీయండి. ఇక రెండు గంటలు ఎవరూ ముట్టుకోకూడదు. మెల్లని చోట వినపడకపోతే అది గది తప్పే, వాల్యూమ్‌ది కాదు.

మూడో భాగం, నాలుగో భాగం మధ్య విరామం లేదని గుర్తుంచుకోండి. బీథోవెన్ వాటిని ఒకే ఊపిరిలో కలిపాడు. కానీ రికార్డుల్లో అవి రెండు ఫైళ్లుగా ఉంటాయి. కొన్ని ప్లేయర్లు నడుమ ఒక సెకను మౌనం పెడతాయి, చందా లేని యాప్ అయితే సరిగ్గా అక్కడే సబ్బు ప్రకటన వస్తుంది. ఫైలు ముందే దించుకుని, ఫైళ్ల నడుమ ఖాళీ లేకుండా చేసే గ్యాప్‌లెస్ ఆన్ చేసి, ఒకదానిలోకి ఒకటి కలిపేసే క్రాస్‌ఫేడ్ సున్నా చేసి, ఆ అతుకును కనీసం రెండుసార్లు వేసి విని చూడండి. ఒకే ఫైలుగా ఉన్న రికార్డు దొరికితే ఇంకా మంచిది.

కరెంటు పోతే జనరేటరు వద్దు, దాని మోతకు విని లాభం లేదు. ఇన్వర్టరు ఉన్న గది చూసుకోండి, అది కీకీమని అరిచే రకమైతే పక్క గదిలో పెట్టించండి.

మన వాయిద్యాలు ముందు

కొత్త చెవికి ఓబో, క్లారినెట్, టింపనీ అని పేర్లు చెబితే నిలవవు. ముందు తెలిసినవి చేతికందే దూరంలో మోగాలి. ఒక డప్పు కళాకారుణ్ని, ఒక సన్నాయి వాయించే ఆయనను, పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించే ఒకరిని పిలవండి. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. పెళ్లికి ఎంత తీసుకుంటారో అడిగి, ఆ లెక్కన ముందే ఇచ్చేయండి. "సంగీతం కోసం ఊరికే రండి" అనడం మర్యాద కాదు.

డప్పుతో మొదలుపెట్టండి. బయట ఆవరణలో గడ్డిమంట వేసి, కాచకముందు ఒకసారి, కాచిన తర్వాత ఒకసారి కొట్టించండి. తోలు చల్లగా ఉన్నప్పుడు డప్పు దబ్‌మని మొద్దుగా పలుకుతుంది. మంట మీద ఒకటి రెండు నిమిషాలు తిప్పేసరికి తడి ఆరి, తోలు బిగిసి, సిర్ర తగలగానే ఖంగుమంటుంది, సిటికెన పుల్ల విడివిడిగా వినపడుతుంది. టింపనీ కూడా అదే సూత్రం మీద నడుస్తుంది, రాగి గంగాళం మీద బిగించిన చర్మం. అక్కడ మంట బదులు కాలి కింద పెడలు ఉంటుంది. తొక్కితే చర్మం బిగిసి స్వరం పైకి పోతుంది. ఇప్పుడు చాలావాటికి ప్లాస్టిక్ చర్మమే. దూడ చర్మం వాడేవాళ్లకు మాత్రం గాలిలో తేమ మారితే స్వరం జారుతుంది, కచేరీ మధ్యలో చెవి ఆనించి సరిచేసుకుంటూ ఉంటారు. వీడియోలో టింపనీ ఆయన డోలు మీదికి వంగితే నిద్ర కాదని పిల్లలకు ముందే చెప్పండి, శ్రుతి చూసుకుంటున్నాడు.

సన్నాయికి, ఓబోకు చుట్టరికం ఉంది. రెంటిలోనూ రెండు పలుచటి రెల్లు బద్దల నడుమ నుంచి గాలి పోతుంది. ఆర్కెస్ట్రా మొత్తం శ్రుతి చేసుకునేది ఓబో ఇచ్చే ఒక్క స్వరానికే. బ్యాండు క్లారినెట్, అక్కడి క్లారినెట్ ఒకే జాతి, మీటల అమరిక మాత్రం వేరు. బెర్లిన్ వాళ్లది జర్మన్ పద్ధతి. ట్రంపెట్లు ఇంకా తేడాగా కనిపిస్తాయి. మన బ్యాండులో పిస్టన్లు నొక్కుతారు, బెర్లిన్‌లో తిరిగే వాల్వుల ట్రంపెట్లు, వాటిని అడ్డంగా పట్టుకుంటారు.

హార్మోనియమో కీబోర్డో ఉంటే సింఫనీ మొదటి నాలుగు స్వరాలు వాయించి చూపండి. సి ని షడ్జంగా పెట్టుకుంటే అవి ప ప ప గ, సాధారణ గాంధారం. వెంటనే మ మ మ రి, చతుశ్రుతి రిషభం. నాలుగో భాగం స గ ప అని మొదలవుతుంది, అక్కడ గాంధారం అంతర గాంధారం అయిపోతుంది. సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఈ ఒక్క మాట చాలు, సింఫనీ అంతా ఆ గాంధారం ఎప్పుడు మారుతుందా అని ఎదురుచూస్తారు. రికార్డుతో కలిపి మాత్రం వాయించకండి. హార్మోనియం సాధారణంగా 440 హెర్ట్జ్‌కు శ్రుతి చేసి ఉంటుంది. బెర్లిన్ వాళ్లు 443 దగ్గర పెట్టుకుంటారు. కలిపితే చెవిలో ముల్లు గుచ్చినట్టుంటుంది. కీబోర్డయితే 12 సెంట్లు పెంచి కలపవచ్చు.

మొదటి విడత: నాలుగో తరగతి పెట్టె

చరిత్ర చెప్పేటప్పుడు ఒక్కసారికి ఐదారు నిమిషాలు మించకూడదు, ప్రతి కథ వెనకా ఒక శబ్దం ఉండాలి. నిర్వాహకుల (పుల్ల పట్టుకుని ఆర్కెస్ట్రాను నడిపే కండక్టర్ల) పేర్లు వరసగా చదివితే రాజుల జాబితా చదివినట్టే, ఎవరికీ గుర్తుండదు.

కథ ఇది. 19వ శతాబ్దిలో బెర్లిన్‌లో బెంజమిన్ బిల్జె అనే ఆయన మేళం ఉండేది. 1882లో ఆయన వాద్యకారులను వార్సా కచేరీకి రైల్లో నాలుగో తరగతి పెట్టెలో తీసుకెళ్లబోయాడు. 54 మంది ససేమిరా అన్నారు, బయటికొచ్చి సొంత ఆర్కెస్ట్రా పెట్టుకున్నారు. మన బ్యాండులో మాస్టరు బయానా తీసుకుని వాయించేవాళ్లకు పంచుతాడు. ఇక్కడ తిరగబడింది వ్యవహారం: వాయించేవాళ్లే మాస్టరును కుదుర్చుకుంటారు. హాలు కూడా గొప్పదేం కాదు, చక్రాల బూట్లతో స్కేటింగు చేసే మైదానాన్ని కచేరీ హాలుగా మార్చారు. 1887లో హాన్స్ ఫాన్ బ్యూలో వచ్చి సాధన అంటే ఏమిటో వాళ్లకు నేర్పాడు. ఆయన తర్వాత 1895 నుంచి 1922 దాకా ఆర్తుర్ నికిష్.

ఇప్పుడు నికిష్ 1913 రికార్డు వేయండి. బీథోవెన్ 5వ సింఫనీ మొత్తాన్ని రికార్డు చేసిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి, హక్కుల గడువు ఎప్పుడో తీరింది. మైకు లేని కాలం. వాద్యకారులు ఒక పెద్ద గరాటు ముందు ఇరుక్కుని కూర్చుని వాయించారు. ఆ గరాటులోంచి వెళ్లిన శబ్దమే సూదిని కదిలించి మైనం మీద గీత గీసింది. పళ్లెం ఒక్కో పక్క నాలుగు నిమిషాలే పడుతుంది. మొదటి మూడు నిమిషాలు వినిపిస్తే చాలు. గరగర ఉంటుంది, డబుల్ బేస్‌లు సరిగా వినపడవు. ముందే చెప్పండి, లేకపోతే మీ స్పీకర్లు పాడయ్యాయనుకుంటారు. గరగర తీసేసే సాఫ్ట్‌వేర్ వాడి శుభ్రం చేయాలని చూడకండి, దానితోపాటు వయొలిన్ పైస్వరాలు కూడా పోతాయి.

రెండో విడత: సినిమా హాల్లో కచేరీ

ఇది బరువైన భాగం. దాచకుండా చెప్పాలి. 1922లో విల్హెల్మ్ ఫుర్ట్‌వెంగ్లర్ వచ్చాడు. 1933లో నాజీలు అధికారంలోకి వచ్చారు, మరుసటి ఏడే ఆర్కెస్ట్రా ప్రభుత్వం చేతికి పోయింది, సొంత మేళం కాస్తా సర్కారు మేళమైంది. యూదు వాద్యకారులు వెళ్లిపోవాల్సి వచ్చింది. మొదటి వయొలిన్ల నాయకుడు షిమోన్ గోల్డ్‌బెర్గ్ వాళ్లలో ఒకడు. ఫుర్ట్‌వెంగ్లర్ పార్టీలో చేరలేదు, యూదు కళాకారుల తరఫున 1933లో బహిరంగ లేఖ కూడా రాశాడు, అయినా 1945 మొదలు దాకా దేశం విడవకుండా కచేరీలు చేశాడు. తర్వాతి కాలంలో ఈ ఆర్కెస్ట్రా నిర్వాహకుడిగా ప్రపంచమంతా పేరు మోగిన కరాయాన్ పార్టీ సభ్యుడే. ఈ రెండు సంగతులూ ఒకే గొంతుతో, తీర్పు చెప్పకుండా, మరుగుపరచకుండా చెప్పండి. పిల్లలు ప్రశ్నలు వేస్తారు, వేయనివ్వండి.

1944 జనవరి 30న బాంబులకు హాలు కూలింది. 1945 మే 26న, యుద్ధం ముగిసిన మూడు వారాలకే, మిగిలిన వాద్యకారులు టిటానియా పలాస్ట్ అనే సినిమా హాల్లో కచేరీ చేశారు. నిర్వాహకుడు లియో బోర్‌హార్ట్. మొదట వాయించింది మెండెల్సన్ రాసిన మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్ ఓవర్చర్ (నాటకానికి ఆరంభ సంగీతం). మెండెల్సన్ యూదు కుటుంబంలో పుట్టినవాడు కాబట్టి నాజీల కాలంలో ఆయన సంగీతం నిషేధం. ఆ ఆగస్టులోనే ఒక తనిఖీ కేంద్రం దగ్గర అమెరికన్ సైనికుడి తూటా పొరపాటున తగిలి బోర్‌హార్ట్ చనిపోయాడు.

ఓవర్చర్ 12 నిమిషాలు ఉంటుంది. మెండెల్సన్ 17 ఏళ్ల వయసులో రాశాడు. ఫ్యాన్లు ఆపి, దీపాలు తగ్గించి, తెర మీద బొమ్మ లేకుండా వినిపించండి. మొదట గాలి వాయిద్యాలు కలిసి ఊదే నాలుగు పొడుగు స్వర గుచ్ఛాలు, తర్వాత వయొలిన్లు చెవి దగ్గర తూనీగలు ఆడినట్టు మెల్లగా గుయ్యిమంటాయి. మీ గదికి ఇది మొదటి పరీక్ష. ఆ తూనీగలు వెనక వరుసకు వినపడకపోతే విరామంలో కారణం వెతకాలి: తెరిచిన కిటికీ, ప్రొజెక్టరు ఫ్యాను, పక్క గదిలో ఫ్రిజ్.

ఇక్కడ పది నిమిషాలు విరామం. టీ బయటే తాగాలి. స్టీలు గ్లాసులు లోపలికి రానివ్వకండి.

మూడో విడత: ఓట్లు, కొత్త హాలు

1955లో హెర్బర్ట్ ఫాన్ కరాయాన్ వచ్చి 1989 దాకా ఉన్నాడు. 1963 అక్టోబరు 15న కొత్త హాలు ఫిల్హార్మోనీ బీథోవెన్ 9వ సింఫనీతో తెరుచుకుంది. హాన్స్ షరూన్ అనే వాస్తుశిల్పి సంగీతం ఎక్కడున్నా జనం దాని చుట్టూ మూగుతారని గమనించి, వేదికను నడుమ పెట్టి చుట్టూ సుమారు 2,400 సీట్లు అంచెలంచెలుగా కట్టాడు. మన ఒగ్గు కథ చుట్టూ జనం కూర్చునే తీరు గుర్తొస్తుంది. అయినా మీ సభలో గుండ్రంగా కూర్చోబెట్టకండి. రెండు స్పీకర్ల ముందు కూర్చున్నవాళ్లకే ఎడమ కుడి తెలుస్తుంది.

ఓట్ల సంగతి తప్పక చెప్పండి, సభలో అందరికీ నచ్చే భాగం ఇదే. ఈ ఆర్కెస్ట్రాలో 128 స్థానాలు. కొత్తవాళ్లు అందరి ముందూ వాయించాలి, ఎంపికైతే రెండేళ్ల దాకా పరిశీలన, చివర మూడింట రెండు వంతుల ఓట్లు రావాలి. 1982 దాకా ఆడవాళ్లే లేరు. ఆ ఏడు మాడలెన్ కరుజో అనే వయొలిన్ కళాకారిణి మొదటి సభ్యురాలయ్యారు. అదే కాలంలో సాబీనె మాయర్ అనే క్లారినెట్ కళాకారిణిని తీసుకోవాలని కరాయాన్ పట్టుబట్టాడు, వాద్యకారులు 73 ఓట్లతో కాదన్నారు, అవునన్నవి 4. ఆ తగవు ఏళ్లపాటు సాగింది. 2023లో వీనెటా సరైకా-ఫోల్క్‌నర్ మొదటి మహిళా కాన్సర్ట్ మాస్టర్ (మొదటి వయొలిన్ల నాయకురాలు) అయ్యారు. ప్రధాన నిర్వాహకుణ్ని కూడా వాళ్లే ఎన్నుకుంటారు: అబ్బాడో, ఆయన తర్వాత రాటిల్, 2019 నుంచి పెట్రెంకో. పెట్రెంకోను ఎన్నుకున్న 2015లో మొదటి సమావేశం 11 గంటలు సాగి ఏమీ తేలకుండానే ముగిసింది.

ఇప్పుడున్న వాద్యకారుల్లో ముగ్గురి ముఖాలు చూపితే చాలు: ఫ్లూట్ ఇమాన్యుయెల్ పహూ, ఓబో ఆల్బ్రెష్ట్ మాయర్, హార్న్ సారా విల్లిస్. ఆమె 2001లో చేరారు, ఇత్తడి వాయిద్యాల్లో అక్కడ మొదటి మహిళ. మనవాళ్లెవరైనా అక్కడ వాయించారా అంటే, బొంబాయిలో పుట్టిన జూబిన్ మెహతా 1961 నుంచి ఈ ఆర్కెస్ట్రాను ఎన్నోసార్లు నడిపారు.

5వ సింఫనీ మొత్తం

సుమారు 33 నిమిషాలు. ఇది వీడియోతో చూపండి. ప్రొజెక్టరు కన్నా టీవీ నయం, దానికి ఫ్యాను మోత ఉండదు. అందరికీ సగం కాగితం ఇవ్వండి, దాని మీద నాలుగు గళ్లు, భాగానికొకటి. ఒక భాగం ముగిస్తే ఒక గడిలో టిక్కు పెట్టుకోవడమే. చప్పట్ల సమస్య దీంతోనే తీరుతుంది. భాగాల మధ్య చప్పట్లు కొడితే కొంపలు మునగవు, ఒకప్పుడు ఐరోపాలోనూ కొట్టేవారు. కానీ ఆ మౌనంలో వాద్యకారులు తర్వాతి భాగానికి మనసు సర్దుకుంటారు, మనమూ సర్దుకుంటాం. నాలుగు టిక్కులయ్యాక మనసారా కొట్టమనండి.

వినాల్సిన చోట్లు మూడే చెప్పండి, ఎక్కువ చెబితే పరీక్ష రాసినట్టుంటుంది. మొదటి భాగంలో సగం దాటాక ఆర్కెస్ట్రా అంతా ఆగి, ఒక్క ఓబో మాత్రం తనలో తాను అనుకున్నట్టు ఒక చిన్న ఆలాపన చేస్తుంది. సన్నాయి ఆయన ఎదురుగా ఉంటే ఆయన ముఖం చూడండి. మూడో భాగం మధ్యలో చెల్లోలు (కాళ్ల మధ్య పెట్టుకుని వాయించే పెద్ద వయొలిన్ లాంటివి), డబుల్ బేస్‌లు గబగబా పరుగెత్తుతాయి, ఎడ్లు బెదిరినట్టు. మూడోది మొదట చెప్పిన టింపనీ తట్టు. అప్పటిదాకా ట్రాంబోన్లు అనే ఇత్తడి వాయిద్యాల వాళ్లు ముగ్గురు, పికొలో అనే చిన్న ఫ్లూట్, కాంట్రాబసూన్ అనే మంద్ర గాలి వాయిద్యం వాళ్లు ఒక్క స్వరమూ వాయించకుండా చేతులు కట్టుకుని కూర్చుని ఉంటారు. టింపనీ తట్టు ఉబికి నాలుగో భాగం తెరుచుకునే క్షణంలోనే ఐదుగురూ మొదటిసారి ఊదుతారు. 1808 డిసెంబరు 22న వియన్నాలో మొదటిసారి విన్నవాళ్లకు కూడా సింఫనీలో ట్రాంబోన్లు ఉండడమే వింత. వీడియోలో ముందు నుంచీ ఆ ఐదుగురిని చూపిస్తూ ఉండండి.

అడిగే ప్రశ్నలు

"ఆ పుల్ల పట్టుకున్నాయన ఏం చేస్తున్నాడు?" అని ప్రతి సభలోనూ అడుగుతారు. కుడి చేతితో తాళం, ఎడమ చేతితో ఎవరు పెంచాలో ఎవరు తగ్గించాలో చెబుతాడు. అసలు పని ముందురోజుల సాధనలో అయిపోయి ఉంటుంది. "అందరూ కాగితం చూసి వాయిస్తున్నారు, కంఠస్థం రాదా?" అని కూడా అడుగుతారు. ఒక్కొక్కరు ఏడాదికి ఎన్నో కృతులు వాయించాలి. పైగా రెండో వయొలిన్ వరుస ముప్పై కొలతలు (తాళం ఆవర్తాలు) ఆగి ముప్పై ఒకటోదానిలో రావాలంటే లెక్క కాగితం మీద ఉండాలి. మన సినిమా పాటల వెనక మోగే వయొలిన్ గుంపులకు కూడా ఇదే పద్ధతని చెప్పండి, వెంటనే అర్థమవుతుంది.

తర్వాతి సభలకు

రెండో సభకు రావెల్ అనే ఫ్రెంచ్ స్వరకర్త రాసిన బొలేరో పెట్టండి, డప్పు కళాకారులను ముందు వరుసలో కూర్చోబెట్టండి. పావుగంట పాటు సైడు డ్రమ్ము ఒకే దరువును మెల్లగా మొదలుపెట్టి చివరిదాకా వదలదు. అంతసేపు వేగం పెరగకుండా కొట్టడం ఎంత కష్టమో వాళ్లే సభకు చెబుతారు. మూడోది 1972లో మొదలైన ఈ ఆర్కెస్ట్రా 12 చెల్లోల బృందం. 12 మెట్ల కిన్నెర పుట్టిన పాలమూరులో ఆ సభ పెడితే, నాగర్‌కర్నూల్ ప్రాంతం నుంచి ఒక కిన్నెర కళాకారుణ్ని పిలిచి ముందు ఆయన చేత వాయించండి. కిన్నెరకు మైకు పెట్టాల్సి వస్తుంది, దాని గొంతు చిన్నది. సొరకాయ బుర్రకు ఒక అడుగు దూరంలో ఒక్క మైకు, ఎకో లేకుండా. చెల్లోల వాల్యూమ్ ఆ కిన్నెర మట్టానికి తగ్గించి పెన్సిలు గీత కొత్తగా గీయండి.